వంటింటి కొళాయి తప్ప

మైన్ నది ఒడ్డున మా వూరు.
నీళ్ళకి ఇరవై రెండు డిగ్రీలు,
చలి లెక్క కాదు, జ్వరం లెక్కా కాదు,
సున్నం లెక్క.

వాషింగ్ మెషీన్‌లో మూడో హీటరూ పోయింది.
విప్పితే, పిండికట్టు వేసిన చెయ్యిలా
తెల్లగా బయటికొచ్చింది.

ప్లంబర్ కూనెర్ట్ బల్ల మీద రెండు కాగితాలు పరిచాడు.
ఒకటి ఉప్పు యంత్రం. పాతిక కిలోల మూటలు
నేలమాళిగలోకి దింపుతూ ఉండాలి, మెట్లు పద్నాలుగు.
రెండోది అయస్కాంతం.
పైపుకి తాయెత్తులా కట్టేస్తే చాలట.
"పనిచేస్తుందా?"
"కొన్నవాళ్ళు చేస్తుందనే అంటారు."

ఏమీ కొనకపోతే ఎంతవుతుందో
ఆ కాగితం వెనక నేనే రాశాను:
హీటర్లు, వెనిగర్ సీసాలు,
పగిలిన నా వేళ్ళకి రాసుకునే కొవ్వు.

మా అన్న ఓట్మార్ కిటికీలోంచి చూస్తున్నాడు.
నలభై ఏళ్ళు క్వారీలో గవ్వరాయి కోసినవాడు.
ఇక్కడొకప్పుడు సముద్రం ఉండేదని
నా చిన్నప్పుడు
రాతిలో ఇరుక్కున్న గవ్వల్ని గోటితో చూపించేవాడు.
"రంపానికే లొంగని రాయి
ఉప్పుకి లొంగుతుందా" అన్నాడు.
కాసేపాగి,
"డాక్టరు నన్ను చిటికెడు కూడా వద్దన్నాడు,
నువ్వు మూటలు కొంటున్నావు."

దానికి నా దగ్గర జవాబు లేదు.
కూనెర్ట్ దగ్గర ఉంది:
వంటింటి కొళాయికి వేరే పైపు, పాత నీళ్ళే.
మిగతా ఇల్లంతా మెత్తన.

పాత పైపు కోసిన రోజు
అన్న కళ్ళద్దాలు పెట్టుకుని మెట్లు దిగాడు.
లోపల పెన్సిలు పట్టేంత సందు.
చుట్టూ పొర మీద పొర.
"ఇదిగో, కరువొచ్చిన ఏడు."
"కోతలు కొయ్యకు" అన్నాను.
ఆ ముక్కని రెండు రోజులు గరుకు కాగితంతో రుద్ది,
నునుపు తేలాక కిటికీలో పెట్టాడు.

ఇప్పుడు స్నానాల గదిలోంచి సణుగుడు:
సబ్బు వదలదట, చేపలా జారుతున్నాడట.
నా దుప్పట్లు మాత్రం
అప్పడాల్లా విరగడం మానేశాయి.

వంటింట్లో కెటిల్ ఇంకా గలగలమంటుంది.
కాఫీ అడుగున తెల్లటి రవ్వని
చెంచాతో తిప్పి చూసుకుంటాడు, ఎవరో పాత చుట్టం వచ్చినట్టు.

పప్పు మాత్రం ఎంతకీ ఉడకదు, పాత నీళ్ళు కదా.
రాత్రే నానబెడుతూ
చిటికెడు వంటసోడా వేస్తున్నాను.
అదీ ఉప్పు జాతిదేనని కూనెర్ట్ అన్నాడు.
అన్నకి చెప్పలేదు.