పైచిలుకు

గుండ్లవాగు నగర పంచాయతీ అయి
మొన్న శ్రావణానికి మూడేళ్ళు.
మారిందేమిటంటే
కార్యదర్శి కుర్చీలో కమిషనరు కూర్చున్నాడు,
కుర్చీకి కొత్త తువ్వాలు వేశారు.
నేను మాత్రం అదే సైకిలు,
అదే ఇంటిపన్ను రసీదు పుస్తకం.

నగరమనిపించుకోడానికి
పైనుంచి ఒక అంకె వచ్చింది.
మాకు తొమ్మిది వందల మంది తక్కువ.
పటం మీద గీత కాస్త జరిపి
పక్క పల్లెలు రెంటిని లోపలికి లాగారు.
ఆ రాత్రి నులకమంచాల మీద పడుకున్నవాళ్ళు
పడుకున్నచోటే పట్నవాసులయ్యారు,
కుక్క కూడా మొరగలేదు.

లెక్కకు నన్నే పంపారు.

ఏడో వార్డులో పదకొండిళ్ళకు తాళాలు.
"బోరు లారీ ఎక్కి పోయినారు సారూ,
ఒరిస్సానో, ఇంకా అవతలో.
ఆరుగురని రాసుకో."
ఎవరి ఊరి నేలకో తూటు పొడిచి
నీళ్ళు పైకి తెచ్చే మగవాళ్ళు,
వాళ్ళ వసారాల్లో బోర్లించిన బిందెలు.

తలకిన్ని లీటర్లని ట్యాంకరు వస్తుంది.
కాబట్టి మా ఊళ్ళో జనాభా అంటే దాహం.
ఎవరూ తక్కువ చెప్పరు.
చెంచులమ్మ గేదెను చూపించింది.
"దాన్ని కూడా రాయబ్బయా,
తలే గదా దానికీ ఉండేది!"
బోరు నీళ్ళకు వంగిపోయిన మోకాళ్ళు పట్టుకుని
నవ్వింది, పసుప్పచ్చ పళ్ళన్నీ కనబడేలా.
నేను రాయలేదు.
రాయనందుకు ఇప్పటికీ నాకు మజ్జిగ పోయదు.

అంతా కూడితే ఇరవై వేలు దాటింది,
పైచిలుకు నూటపద్దెనిమిది.

కనిగిరి వైపు రోడ్డు మొదట్లో
స్వాగతం బోర్డు పాతాలన్నారు.
దస్తగిరి రంగు డబ్బాతో వచ్చాడు.
గుంట తవ్వుతుంటే
పక్కన చీపురు ఆనించి నిలబడింది సువార్తమ్మ.
పన్నెండు వార్డులు చిమ్ముతుంది.
తెల్లారకముందే ఈ ఊరి మొహం కడిగే మనిషి.
"నా ఇల్లు ఎన్నో వార్డు సారూ?"

పటం విప్పాను.
తిప్పి చూశాను, ఎండకు ఎత్తి చూశాను.
బోర్డుకు అవతల, ఎనభై అడుగుల దూరంలో
చిల్లచెట్ల వెనక నాలుగు రేకుల ఇళ్ళు.
గీత వాటి ముందుదాకా వచ్చి
ఎందుకో ఒళ్ళు ముడుచుకుని పక్కకు పోయింది.
అవతలి పంచాయతీ పుస్తకంలోనూ లేవట,
అడిగింది, వాళ్ళు ఇటు పొమ్మన్నారు.

నేనేమీ అనలేదు. పన్ను వసూలు చేసేవాణ్ణి,
గీతలు గీసేవాణ్ణి కాదు.
దస్తగిరి గడ్డపార భుజాన వేసుకున్నాడు.
"ఇక్కడ బండ తగిలింది సారూ, దిగడంలేదు" అన్నాడు.
గుంటలో మెత్తటి మన్ను
మా ఇద్దరికీ కనబడుతూనే ఉంది.
రోడ్డు వెంబడి నడిచి నడిచి
రేకుల ఇళ్ళు దాటాక తవ్వాడు.

ట్యాంకరు డ్రైవరు పటం చూడడు,
బోర్డు చూస్తాడు.
బుధవారం పొద్దున బోర్డు దాకా వచ్చి
హారన్ కొట్టాడు.
బిందెలొచ్చిన చప్పుడు ఆఫీసుదాకా వినిపించింది.
వినిపించిందనే అనుకున్నాను.

ఇప్పుడు చిక్కల్లా నాదే.
ఊళ్ళో ఉంటే ఇంటిపన్ను కట్టాలి గదా.
పోయిన వారం భయపడుతూనే చెప్పాను.
సువార్తమ్మ చీపురు కింద పెట్టి
చేతులు చీరకు తుడుచుకుంది.
"రాయి సారూ, నోటీసు రాయి.
నా పేరు ముందు, దాని కింద ఇంటి నంబరు.
ముద్ర మాత్రం సరిగ్గా పడేట్టు వెయ్యి."