రద్దీల దొరికిన మైదానం

బల్లార్షా స్టేషన్ ఎనక గోదాం.
మాల్‌గాడీ దిగిన మూటలు ఇప్పి
అట్టలు ఒక దిక్కు, పిన్నులు ఒక దిక్కు,
కాయిదం ఒక దిక్కు ఏరుడు నా పని.
కాయిదం కిలోకు ఇంత, అట్టకు తక్కువ.
చరిత్రకు వేరే రేటు లేదు.

ఆ చలికాలం రద్దీ అంతా ఉత్తరాది నుంచే.
మూట ఇప్పంగనే ఆవనూనె వాసన,
నడుమ నడుమ గోధుమపొట్టు.
ఒక పుస్తకంల గుర్తుకు పెట్టిన చెరుకాకు.
సదివినాయన ఎవరో
నూట పదకొండో పేజీకాడ ఆగిండు.

అన్నీ చిన్న చిన్న పుస్తకాలు, వాళ్ల వాళ్ల ఊర్లవి.
రాసినోళ్లు రిటైరైన పంతుళ్లు, పట్వారీల కొడుకులు,
ఒకాయన హోమియోపతి డాక్టరు.
సొంత పైసలతోని మూడొందలు అచ్చేయించి
పెండ్లిళ్లల్ల పంచినట్టున్నరు.

నాకు నాగరి అక్షరం వస్తది.
మరాఠీ బడి, ఏడో తరగతి.
రిజిస్టర్ల నేను లక్ష్మీబాయి,
ఇంట్ల లచ్చవ్వ,
బోర్కుటే సేటుకు "ఓ మావ్శీ".

బువ్వ తినే యాళ్లకు ఆ చెరుకాకు పుస్తకం తెరిచిన.
గండకీ ఒడ్డున ఒక ఊరట.
రామసుమేర్ మాస్టరు రాసిండు:
మూడుసార్లు ఏట్ల కలిసింది మా ఊరు.
మూడుసార్లు జనం తలుపుచెక్కలు నెత్తిన పెట్టుకొని
రెండు కోసులు అవతలికి నడిచి
అదే పేరు పెట్టుకున్నరు.
ఊర్ల బాయిలు పదిహేడు,
ఏది ఎవరు తవ్విచ్చిన్రు, దేంట్ల ఉప్పునీళ్లు,
దేంట్ల ఎవరింటి కోడలు దూకింది.
రాజుల ముచ్చట ఒక్క పేజీ,
బాయిల ముచ్చట పదమూడు.
నాకు ఆ మాస్టరు నచ్చిండు.

"మాదంతా చదును నేల," అంటడు.
"ఎనక దాసుకునేతందుకు ఒక్క గుట్ట లేదు.
అందుకే రాస్తున్న."

మాకు గుట్టలున్నయి మాస్టరూ.
బొగ్గు తీసి పక్కన పోసిన మట్టిగుట్టలు.
వాటి కింద మా పాత బస్తీ ఉన్నది,
మా నాయిన కట్టిన రెండర్రల ఇల్లున్నది,
ఇంటి ముందర ఒర్రె ఉన్నది.
పెద్దపెల్లి దిక్కు నుంచి బాయిపనికొచ్చినోడు మా నాయిన.
నీ బాయిల నీళ్లు.
మా బాయిల బొగ్గు.
మా బాయి ఎవరు తవ్విన్రు,
దేంట్ల ఎవరింటి కొడుకు మిగిలిపోయిండు,
లెక్క రాసిందెవరు?

పుస్తకాన్ని తక్కెట్ల పెట్టిన.
నూట ఎనభై గ్రాములు.
సేటు నవ్వి, "ఊకే తీస్కపో" అన్నడు.
నేను మూడు రూపాయలు బల్ల మీద పెట్టిన.

ఎనక నాలుగు పేజీలు తెల్లగున్నయి.
గుర్తులు పెట్టే ఎర్ర పెన్సిలుతోని మొదలుపెట్టిన.
మాట తెలుగు, అక్షరం నాగరి,
అన్న అంగీ తొడుక్కున్న చెల్లె లెక్క.
షిఫ్టు సైరన్ రాసిన.
రాజవ్వ గాజుల గంప రాసిన.
మల్లారెడ్డి గ్యాంగుల తొమ్మిదిమంది పేర్లు రాసి
ఇద్దరివి గుర్తురాక జాగ ఇడిసిపెట్టిన.
ఒర్రె కాడికొస్తే పెన్సిలు ఆగింది.
పొట్టి ఒ లేదు ఆ లిపిల, పొట్టి ఎ లేదు.
ఎట్ల రాసినా మా ఒర్రె
రెండు కొసలా సాగి
ఎవరిదో ఏరయింది.

మొన్న మంచిర్యాల హాస్టల్ నుంచి
మా చెల్లె బిడ్డె మౌనిక వచ్చింది.
నేను సదువుతుంటే ఇన్నది,
నోటుబుక్కు తీసి తెలుగుల దింపుకున్నది.
మీరు సదువుతున్నది దాని చేతిరాతే.
నాకు ఒక్క అక్షరం తెల్వది.

"ఏదే ఒర్రె?" అని అడిగిన.
ఏలు పెట్టి సూపిచ్చింది.
గింతంత ఉన్నది.
దునికి దాటేటంత.

చెరుకాకు మాత్రం కదపలే.
నూట పదకొండు కాడనే ఉన్నది.
ఆయన ఎవరో
మళ్లొచ్చి సదువుకుంటడేమో.