తరుగు

అమ్మ యార్డులో తొడిమలు తీసొచ్చిన రోజు
కూలి డబ్బులు ఊది తీసుకోవాలి,
లేకపోతే కళ్లు మండుతాయి.

ఆ నోట్లతోనే బ్రాడీపేటలో
జానీబాషా కొట్లో
ఫస్టియర్ కెమిస్ట్రీ కొన్నాను, సగం ధరకి.
లోపల ఎవరో కె. సుభాషిణి, పెన్సిల్‌తో:
"ఇక్కడ సారు తప్పు చెప్పారు. మళ్లీ చూడు."
చూశాను.
నిజమే.

ఏడాదంతా మార్జిన్లలో
ఆమె అడిగినచోట జవాబు రాశాను.
నాకు తెలియనిచోట నేనూ అడిగాను,
ఎవరిని అడుగుతున్నానో తెలియకుండానే.
వెనకటికి తువాలు కింద వేళ్లు పట్టుకుని
మిర్చి ధర తేల్చేవాళ్లట.
మాదీ అట్లాంటి బేరమే,
వేళ్లు కూడా తగల్లేదు.

పరీక్షలయ్యాక తిరిగిచ్చేస్తే
జానీబాషా పేజీలు గబగబా తిప్పాడు,
టిక్కీలో తేమ చూసే కమీషన్ గుమస్తాలాగా.
"రాతలున్నాయమ్మా. పది రూపాయలు తరుగు."

సరే అన్నాను.
సుభాషిణినీ నన్నూ
ఆ అరలోనే వదిలేసి
మిగతా డబ్బుకి సెకండియర్ది తెచ్చుకున్నాను.
అందులో ఒక్క గీతా లేదు.
ఎవరూ చదవలేదేమో.

జూన్‌లో ఎవరో దాన్ని తెరుస్తారు.
రెండు వైపులా బాణాలున్న సమీకరణం దగ్గర
కారణం తెలీకుండా
తుమ్ముతారు.