బెరడు లెక్క

ముప్పై ఒక్క ఏళ్లు
కురూష్ ఊరి ఫ్యాక్టరీలో కార్క్ పలకలు
మేలువీ నాసివీ వేరుచేశాను.
బొటనవేలు ఒక్కసారి అంచున జారిస్తే చాలు,
ఏది సీసా బిరడాకి పోతుందో
ఏది పిండిమరకి పోతుందో చెప్పేదాన్ని.
అలాంటి నన్ను, గ్రసియేత్‌ని,
నూట నలభై పేజీల వార్షిక నివేదిక ముందు కూర్చోబెట్టి
"ఇప్పుడు దీన్ని తడిమి చెప్పు" అన్నాడు బల్తజార్.

నునుపు కాగితం. వేలికి ఏమీ తగల్లేదు.
మొదటి బొమ్మలో ఛైర్మన్ నవ్వుతున్నాడు,
ఆయన వెనక చెట్లు కూడా నవ్వుతున్నట్టే ఉన్నాయి.

బల్తజార్ పాతకాలపు లెక్కల గుమాస్తా.
ప్రతి మంగళవారం స్టేషన్ ఎదురు కాఫీకొట్లో
కాల్చిన చెస్ట్‌నట్ల పొట్లం విప్పి పాఠం చెప్పేవాడు.
పది కాయలు బల్లమీద పెట్టి, ఇవి ఇవ్వాళ్టివి అన్నాడు.
వచ్చే ఏటివి పది పెట్టి, ఒకటి నోట్లో వేసుకున్నాడు.
ఆపై ఏటివాటిలో ఇంకొంచెం కొరికాడు.
"కాలం ఊరికే ఎదురుచూడదు, తింటూ ఎదురుచూస్తుంది.
ఏడేళ్ల తర్వాత వచ్చే పది
ఇవ్వాళ అయిదు కూడా చెయ్యవు."
మరి తినేది మీరు కదా, అన్నాను.
పాఠానికి ఫీజు, అన్నాడు పొట్టు ఊదేస్తూ.

వల్‌సొబ్రాల్ కంపెనీ. వాటా నాలుగు యూరోల ఇరవై.
నేను పనిచేసిన చోటే.
రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము
అందులోనే పెట్టమంది ఎర్మెలింద,
పక్కబల్ల మీద పలకలు ఏరిన మనిషి.
"మనకి తెలిసిన కంపెనీ కదే!"
తెలియడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నలభై ఏడో పేజీలో ఒక వాక్యం:
వచ్చే వేసవి నుంచి బెరడు కోత రెట్టింపు.
దాని కింద లాభాల గీత
నిచ్చెనెక్కిన పిల్లాడిలా పైకి పోయింది.

ఆదివారం బస్సెక్కి తోటకి వెళ్లాను.
ఒలిచిన చెట్టు మొదలు మీద
ఆ ఏటి చివరి అంకె తెల్లరంగుతో రాస్తారు మా వైపు.
తొమ్మిదేళ్లు నిండకుండా గొడ్డలి ముట్టకూడదు, చట్టం.
వచ్చే వేసవికి అందేవి ఆరంకె చెట్లు.
కంచె పొడుగునా నడుస్తూ వంద లెక్కపెట్టాను.
ఆరు, పదకొండు చెట్లకి.
రెండు, అరవై మూడింటికి.
గాయం ఇంకా మానుతున్న ఎర్రటి ఒళ్లు,
వాటి వంతు రావడానికి ఏడేళ్లు.
ఆలూ లేదు, చూలూ లేదు,
కొడుక్కి మాత్రం నలభై ఏడో పేజీలో నామకరణం.

ఆ రాత్రి వంటింటి బల్లమీద లెక్క కట్టాను.
మూడు యూరోల నలభై వచ్చింది.
గర్వంగా చూపిస్తే
బల్తజార్ పెన్సిల్ చెవిమీంచి తీసి
"అప్పు తీసెయ్యడం మరిచావు" అన్నాడు.
రెండు ఎనభై అయిదు.
సిగ్గుతో చెవులు కాలాయి.
చెట్లు లెక్కపెట్టినదాన్ని, తాకట్టు కాగితం చూడలేదు.
ఒక కంచె పొడుగున చూసింది తోటంతా అవుతుందా అని
అతను అడగలేదు.
తెల్లారేదాకా నన్ను నేనే అడిగాను.

కొనలేదు.
ఎర్మెలింద కొంది. ఫిబ్రవరికి అయిదు పది.
కొత్త బూట్లు వేసుకుని సంతలో ఎదురైంది;
టకటకమని ప్రతి అడుగూ నా లెక్కని కొట్టేసింది.
తప్పెవరిదని బల్తజార్‌ని అడిగాను.
చెస్ట్‌నట్ల కాలం అయిపోయింది, అతని ముందు ఖాళీ బల్ల.
"నాకేం తెలుసు" అన్నాడు, నిజంగానే.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను.
రెండు ఎనభై అయిదు ఉన్న పేజీ ఒకసారి తడిమాను;
పెన్సిల్ నొక్కిన గీతలు ఈసారి వేలికి తగిలాయి.
గోడలకి వేయగా మిగిలిన తెల్లరంగు డబ్బా తెరిచి
ఆ లెక్క కట్టిన ఏటి చివరి అంకె
అట్టమీద వేశాను.

ఆరేదాకా కిటికీ దగ్గర పెట్టాను.