సున్నా పక్కన చుక్క

చేపల లారీ అమ్మేసి ఆర్నెల్లయింది.
ఇప్పుడు నాది తెర లారీ.
నాదంటే, కంపెనీది. తోలేది నేను.
మొన్న దీని వీపున ఒక పాటగాడి పుట్టినరోజు,
అటుమొన్న కళ్ళద్దాల కొట్టు తగ్గింపు ధరలు.
ఇవాళ ఒక ప్రశ్న:
"సున్నా పాయింట్ సున్నా మూడు శాతం. నిజమేనా?"

పంగ్యోలో అద్దాల మేడ చుట్టూ
తొమ్మిదింటి నుంచి తిరుగుతున్నాను.
దేవుడు కనపడని ప్రదక్షిణ.
కాపలావాడు మూడో చుట్టుకి చెయ్యి అడ్డం పెట్టాడు,
ఏడో చుట్టుకి తల పక్కకి తిప్పుకున్నాడు,
పన్నెండో చుట్టుకి
లోపల హీటరుందా పెద్దాయనా, అన్నాడు.

నా కిరాయికి చందా వేసుకున్నది నాలుగొందల పదకొండు మంది.
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదట.
అందరి తరఫునా వచ్చింది ఒక్కతే, ఓక్ దసుల్,
చుంచాన్‌లో పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు,
సెలవు పెట్టి, మొదటి బస్సు పట్టుకుని,
నాకు రెండు కింబాప్ చుట్టలు తెచ్చి.

అమ్మాయ్, ఆట ఊరికే ఇస్తున్నారంటగా,
ఊరికే ఇచ్చినవాడితో పేచీ ఏంటమ్మా, అన్నాను.
కోప్పడలేదు. గ్లవ్స్ తీసి వేళ్ళ మీద చెప్పింది.
గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదు, నిజమే.
లోపల కత్తి కూడా ఊరికే ఇస్తారు.
ఆ కత్తికి పదును పెట్టాలి.
పెడితే ఎక్కొచ్చు, విరగొచ్చు.
విరక్కుండా ఒక రాయి ఉంది. రాయికి డబ్బు.
రాయి ఉన్నా పదును ఎక్కుతుందని లేదు,
విరగదు, అంతే.

అంటే ఏమీ కాకుండా ఉండటానికి
డబ్బు కట్టావా?
నవ్వింది. "రెండేళ్ళు" అంది.

పదివేలకి మూడుసార్లు ఎక్కుతుందని రాశారట.
వీళ్ళు కూర్చుని లెక్క కట్టారు,
ఎవరి జీతంతో వాళ్ళు, ఎవరి కత్తులతో వాళ్ళు,
లక్షా తొంభై వేలసార్లు.
ఎక్కవలసింది యాభై ఏడు.
ఎక్కింది ఒక్కటీ లేదు.
"ఓడిపోవడం కాదండీ. ఓడితే నవ్వుకుంటాం.
గెలిచే చీటీ అసలు డబ్బాలో వేశారా,
అది చెప్పమంటున్నాం."

మా అమ్మ సోక్చో సంతలో ఎండు పొలాక్ తూచి అమ్మేది.
తూచాక పైన ఒక చిన్న చేప వేసేది. కొసరు.
ఆ కొసరు కోసమే జనం
పక్క కొట్లు దాటుకుని వచ్చేవాళ్ళు.
తక్కెడ పళ్ళెం అడుగున
మెతుకుల ముద్ద అంటించి ఉండటం నేను చూశాను.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఎవరికీ చెప్పలేదు. నా బడి బూట్లు ఆ ముద్దలోంచే వచ్చాయి.
దసుల్‌కి కూడా చెప్పలేదు.

ఐదున్నరకే చీకటి. పొడిమంచు.
లారీ ఆపుకున్న చోటికి ఒక కుర్రాడొచ్చాడు,
మెడలో కార్డు బోర్లా తిప్పుకుని,
చేతిలో వెచ్చటి కాఫీ డబ్బాలు రెండు.
ఒకటి నాకిచ్చాడు.
"వెలుగు కాస్త తగ్గించగలరా?
ఆరో అంతస్తులో సరిగ్గా నా బల్ల మీద పడుతోంది."
ఏం చేస్తుంటావు బాబూ అక్కడ?
బూటుతో మంచుని కాసేపు గీకాడు.
"అంకెలు" అన్నాడు.
నేను మీట మీద చెయ్యి వేశాను.
"వద్దులెండి. ఉండనివ్వండి."
రెండో డబ్బా నా చేతిలో పెట్టి,
ఆవిడకి, అని బస్టాపు వైపు చూపించి
వెళ్ళిపోయాడు.

బస్టాపులో దసుల్ ఫోను తెరిచి
కత్తికి పదును పెడుతోంది.
ఇవాళ్టి హాజరుకి ఒక రాయి ఊరికే ఇస్తారట,
వదిలేస్తే పోతుందట.
నన్ను చూసి కొంచెం సిగ్గుపడింది.

డబ్బా అందించాను.
ఎవరిచ్చారు, అంది.
ఎవరో. ఊరికే, అన్నాను.
పుచ్చుకుని, తాగకుండా,
పైకెత్తి
అడుగున చూసింది.