చేదు తెలిసిన రోజు

హువాలియెన్‌లో కొండకీ సముద్రానికీ మధ్య
మనిషి నిలబడేంత చోటే ఉంటుంది.
ఆసుపత్రి అక్కడే. నా తూకం యంత్రమూ అక్కడే.
ప్రతి సోమవారం ఓఫద్ చెప్పులు విడిచి
దాని మీదికి ఎక్కుతాడు
లారీ ఎక్కినట్టే, ఎడమకాలు ముందు.

అరవై తొమ్మిది.
అరవై ఆరు.
నేను రాస్తాను. అతను నా కలాన్ని చూస్తాడు.

ముప్పై ఏళ్లు రాత్రి లారీలో
నిద్రని దవడన పెట్టి నమిలాడు:
పచ్చి వక్క, సున్నం, తమలపాకు.
ఆ దవడలో సగం ఇప్పుడు లేదు.
కాలి నుంచి కోసి తెచ్చిన ఎముక అక్కడ కూర్చుంది.
"ఇక నా నోరు నడవగలదు" అని
పలక మీద రాసి చూపించాడు మొదటిరోజే.
నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

కిరణాలు మొదలైన మూడో వారానికి
నోరంతా పుండు.
నీళ్లు కూడా గాజుపెంకులై దిగాయి.
అన్నం ఎలా ఉందంటే
"తడిపిన అట్టముక్క" అని రాశాడు.
చేప ఎలా ఉందంటే
"అదే అట్టముక్క, ముళ్లు తీసింది."

అరవై ఒకటి.

పొట్టకి గొట్టం వేద్దామన్నాను.
ఆ మాట మింగుడుపడలేదు,
ఏ ముద్దా పడని రోజులవి.
రక్తపరీక్ష కాగితం అతని వైపు తిప్పాను.
తెల్లకణాలు ఇన్నే మిగిలాయి, ఓఫద్,
నువ్వు పస్తుంటే వాటికి పొయ్యి ఎవరు వెలిగిస్తారు?
పదమూడేళ్లుగా అందరికీ చెప్పే మాటే.
అరిగిపోయి, నాకే చప్పగా వినిపించింది.

అతని భార్య నకావ్ ఏమీ అనలేదు.
సంచిలోంచి జాడీ తీసి బల్ల మీద పెట్టింది.
ఉప్పులో ఊరిన పచ్చి పందిమాంసం.
వాళ్ల అమిస్ ఇళ్లలో
పెళ్లికైనా, ఊరికే ఆకలికైనా మూత తీసేది దానికే.
"దీని వాసనకి చచ్చినవాడు లేస్తాడు" అంది.
పచ్చిది వద్దు, కణాలు పెరిగేదాకా, అన్నాను.
ఆమె నన్ను చూసిన చూపుకి
నా పట్టికలో గడి లేదు.

గొట్టం వేశారు.
రోజుకి ఆరుసార్లు, నకావ్ చేతిలో పెద్ద సిరంజి,
పాలరంగు ద్రవం మెల్లగా దిగుతుంది.
పోసిన ప్రతిసారీ అడుగుతుంది:
"ఉప్పు సరిపోయిందా?"
అతను తలూపుతాడు, సరిపోయిందని.

యాభై తొమ్మిది.
యాభై తొమ్మిది.
ఆగిన అంకె ఎంత అందంగా ఉంటుందో
ఎవరికి చెప్పుకోను?

కిరణాలు ముగిసిన నాలుగో నెల,
తుఫాను వెళ్లిన మర్నాడు, నకావ్ కొండెక్కింది.
పేము ముళ్లు చెక్కి లోపలి తెల్లటి మొవ్వు కోసుకొచ్చింది.
మెత్తగా ఉడికించి, వడగట్టి, చిక్కబరిచి తెచ్చింది.
"ఉడికిందే, నువ్వే చూసుకో" అని
ముందు నాకే మూత తీసి చూపించింది.

అర చెంచా.
నేను అతని గొంతు చూస్తున్నాను, కంఠమణి లేచి దిగిందా అని.
ఆమె ముఖం చూస్తోంది.

ముఖం ముడుచుకుపోయింది.
నొప్పా, అని లేచాను.
పలక కోసం చెయ్యి చాచి, వద్దనుకుని,
కాలి ఎముక దవడతో అన్నాడు:
"చేదు."

నకావ్ రెండు అరచేతుల్లో ముఖం దాచుకుంది.
"చేదే మరి! ఎప్పుడు తియ్యగా ఉంది ఇది,
మీ అమ్మ వండినప్పుడు మాత్రం?"
అని తిడుతోంది, తిడుతూనే ఉంది.

ఆ సోమవారం అంకె రాయడం మరిచాను.
మంగళవారం పిలిపించి ఎక్కించాను.
అరవై, మీద నాలుగు వందల గ్రాములు.
జేబులో ఫోను ఉంది.
తీయమనలేదు.