పట్టని చేపల పంపకం

కాసిమేడు రేవులో మే నెల.
నిషేధం కాలం కనక మరపడవలన్నీ
ఒకదాని పక్కటెముకలకి ఒకటి ఆనుకుని నిద్రపోతున్నాయి.
తాళ్ళు మాత్రం మేలుకుని కిర్రుమంటున్నాయి.
మేడ మీద, ఫ్యాను కింద,
మేం చేపల్ని పంచుతున్నాం.
ఒక్కటీ ఇంకా వలలో పడలేదు.
కొన్నయితే గుడ్డులోంచే బయటికి రాలేదు.

బోర్డు మీద సుద్దముక్కతో అంకె:
వంజరం, ఏడాదికి, మూడువందల అరవై టన్నులు.
కింద నాలుగు గళ్ళు.
మరపడవలు. ఫైబర్ పడవలు. గాలం వాళ్ళు.
నాలుగోది 'ఇతరులు'.
నా పని మినిట్స్ రాయడం.
అరవంలో విని ఇంగ్లీషులో రాస్తాను,
మధ్యలో ఎక్కడో తెలుగులో అర్థం చేసుకుంటాను.

మా నాన్న జువ్వలదిన్నె నుంచి వచ్చి
ఈ రేవులోనే వలలు కుట్టాడు.
ఆఫీసులో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.
నా వేళ్ళకి తెలుసు.
గళ్ళు గీయడానికి నాకు స్కేలు అక్కర్లేదు.

మరపడవల సంఘం తరఫున ఎళిలరసన్ లేచాడు.
ప్లాస్టిక్ ఫైలు, రంగుల గ్రాఫులు,
అయిదేళ్ళ దిగుబడి, డీజిల్ బిల్లులు, ఐసు రసీదులు.
"ఎవడెంత పట్టాడో వాడికంత వాటా.
ఇంతకన్నా న్యాయం ఏముంది సార్?"
నిజమే అనిపించేట్టు చెప్పాడు.
రాసుకున్నాను: ఎక్కువ తిన్నవాడిదే
ఎక్కువ ఆకలి అని రుజువైంది.
కొట్టేశాను.
'గత దిగుబడి ప్రాతిపదికన' అని రాశాను.

ఫైబర్ పడవల కుర్రాడు జెరాల్డ్
లేవబోతే లుంగీ కుర్చీ మేకుకి తట్టుకుంది.
చెప్పాల్సిందంతా మర్చిపోయి
"మా వల కన్ను పెద్దది సార్" అని కూర్చున్నాడు.
అంతే.
పిల్లచేపలు ఆ కంట్లోంచి వెళ్ళిపోతాయని,
వీళ్ళు పోనిచ్చినవే పెరిగి పెద్దవై
ఎళిలరసన్ ఫైల్లో గీతలుగా పైకి లేచాయని
ఆ ఒక్క ముక్కలో ఉంది.
ఎక్కడ రాయాలి?
వదిలిన చేపకి గడి లేదు.

అప్పుడు వెనక వరసలోంచి పామంజి అంకమ్మ.
ఆమెని ఎవరూ పిలవలేదు.
గంప గుమ్మం బయట దించి వచ్చింది.
అరవంలో మొదలెట్టి, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగింది:
"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా!
సరే పంచండి.
నలభై ఏళ్ళు మా ఆయన తెప్ప మీద తెచ్చినవి
ఏ కాయితంలో ఉండాయి?
తెల్లారేలోగా గంపల్లో పోయినాయి,
కూరల్లో పోయినాయి,
నా బిడ్డల ఎముకల్లో ఉండాయి.
కావాలంటే తూకం ఏసుకోండి,
పెద్దోడు రేపొస్తాడు."

ఎవరో నవ్వారు.
జాయింట్ డైరెక్టరు గారు నా వైపు చూశారు, ఏమంటోందని.
లేచి నిలబడి అరవంలో చెప్పాను:
"రికార్డులు లేవంటున్నారు సార్."

అంకమ్మకి అరవం బాగా వచ్చు.
నన్ను చూసింది.
కోపంగా కాదు,
చేపని కొనేముందు మొప్ప ఎత్తి చూస్తారే, అలా.

నాలుగింటికి తేలింది.
రెండువందల డెబ్భై, డెబ్భై, పద్దెనిమిది.
ఇతరులకి రెండు, వచ్చే ఏడు సమీక్షకి లోబడి.
టీ వచ్చింది. సంతకాలయ్యాయి.
సుద్ద తుడిచేశారు, బోర్డు మీద సముద్రంలా తెల్లటి మసక.

మెట్ల కింద అంకమ్మ కత్తిపీట ముందేసుకుని ఉంది.
"వలలు కుట్టే మస్తానయ్య కొడుకువి గదా నువ్వు.
ఆయన అల్లిన వల మా అటక మీద ఉండాది ఇంకా,
ఒక్క ముడీ జారలా."
వంజరం ముక్క కోసి, తామరాకులో చుట్టి
నా సంచీలో పెట్టింది. డబ్బులిస్తే తోసేసింది.
"పావుకిలో. రాసుకో.
ఏ గడిలో రాస్తావో నీ ఇష్టం."

బస్సులో ఒళ్ళో ఫైలు, ఫైలు మీద సంచీ.
తండయార్‌పేట దాటేసరికి
మొదటి పేజీ ఇంగ్లీషు తడిసి నీలంగా పాకింది.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా,
వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను.
పావుకిలో కాదు.
మూడువందల పది గ్రాములు.